ఎదురుపక్షం వాదించిన ప్లీడరు జ్ఞానరత్నం గారు

గడిచిన ఆదివారం మధ్యాహ్నం నరసరావుపేటలో, తమ ఇంటి వరండాలో, చుట్టూ పదిమంది వింటూ ఉండగా ప్లీడరు జ్ఞానరత్నం గారు కన్నుమూశారు. ఆ కబురు మరునాడు మొదటి బస్సులో మా ఊరికి వచ్చింది. కండక్టరు మెట్టు మీద నిలబడే కేకవేసి చెప్పాడు. నేను నమ్మలేదు. "ఆయన వాయిదా అడక్కుండా ఎక్కడికీ పోయే మనిషి కాడు, సరిగా కనుక్కో" అని గద్దించాను. ముప్పై ఏళ్ళ వకాల్తాలో ఒక్క వాయిదా అయినా అడగకుండా కేసు నడపని మనిషి, ఈ ఒక్క పిలుపుకు మాత్రం వెంటనే లేచి వెళ్ళిపోయారు.

పోయిన తీరు కూడా ఆయనకు తగినట్టే ఉంది. ఆ రోజు ఆయన చెబుతున్నది అమెరికాలో ఒక భార్యాభర్తల వ్యాజ్యం. తెల్లవాడొకడు నల్లజాతి పిల్లను పెళ్ళాడాడు. వాళ్ళ రాష్ట్రంలో అది నేరం. పోలీసులు ఇంట్లో జొరబడి ఇద్దరినీ పట్టుకుపోయారు. "పెళ్ళి చెల్లుద్దా, చెల్లదా? మీరే చెప్పండి" అని అడిగి, వింటున్నవాళ్ళు వాదులాడుకుంటుంటే నవ్వుతూ కుర్చీలో వెనక్కి వాలారట. తీర్పు ఉన్న కవరు ఒళ్ళోనే ఉంది. వాదన ఒక కొలిక్కి వచ్చి "ఇక విప్పండి" అంటే ఆయన పలకలేదు. మరునాడు భూస్థాపన అయి అందరూ ఇంటికి చేరాక, ఆయన భార్య శాంతమ్మ గారు, పాతికేళ్ళు బడిలో లెక్కలు చెప్పిన గొంతుతో, ఆ కవరు విప్పి చదివారు. తొమ్మిదిమంది జడ్జీలూ ఒక్క మాటగా ఆ పెళ్ళి చెల్లుతుందన్నారు. "ఆయన విప్పకుండా మిగిల్చిన తీర్పు ఇదొక్కటే" అన్నారామె. చావు జరిగిన ఇంట్లో చప్పట్లు వినడం నా జన్మలో అదే మొదటిసారి.

ఆయనను మా ప్రాంతంలో 'అమెరికా ప్లీడరు' అనేవారు. ఆయన మద్రాసు దాటి ఎరగరు. మిషను ఆసుపత్రిలో కొన్నాళ్ళు పనిచేసి వెళ్ళిపోయిన ఒక దొరసాని డాక్టరు, పాత పరిచయం కొద్దీ, అక్కడి పెద్ద కోర్టు తీర్పులు, వాటి మీద పత్రికల్లో వచ్చిన వ్యాసాలు కట్టగట్టి ఓడ మీద పంపేది. అవి మూడు నెలలకో ఆరు నెలలకో చేరేవి. "అమెరికాలో న్యాయం జరిగి ఆరు నెలలయింది, మన పోస్టాఫీసుకి ఇంకా అందలేదు" అని తపాలా బంట్రోతును ఆటపట్టించేవారు. కట్ట విప్పిన రోజు ఆయన ముఖం చూడాలి. కొత్త బట్టలు తొడిగిన పిల్లవాడి ముఖంలా ఉండేది.

ప్రతి ఆదివారం, చర్చి నుంచి వచ్చి భోజనం ముగించాక, ఆయన వరండాలో సభ జరిగేది. అది ఆయన పెట్టిన పద్ధతి. ముందు కేసు కథ చెప్పేవారు. తీర్పు మాత్రం కవరులో పెట్టి మూసేవారు. వచ్చినవాళ్ళను రెండు పక్షాలు చేసి వాదించమనేవారు, ఐదుగురిని జడ్జీలుగా కూర్చోబెట్టేవారు. వాళ్ళు తీర్పు చెప్పాకనే కవరు విప్పి, అమెరికా జడ్జీలు మనతో ఏకీభవించారో లేదో చూసేవారు. ఏకీభవించకపోతే, "వాళ్ళే పొరబడి ఉంటారు, మళ్ళీ చూద్దాం" అనేవారు. దీనికంతటికీ ఒకే ఒక్క నియమం. ఎవరి మనసు ఏ పక్షాన ఉంటే, వారు దానికి ఎదురుపక్షం వాదించాలి. పింఛను పుచ్చుకున్న హెడ్ కానిస్టేబులుకు ఎప్పుడూ ముద్దాయి పక్షమే. కిరాణా కొట్టు శేషయ్య శెట్టి గారికి ఎప్పుడూ కూలివాడి పక్షమే. "తన పక్షం ఎవడన్నా వాదిస్తాడండీ, ఆకలేసినోడు అన్నం అడిగినట్టు. అవతలోడి ఆకలి చెప్పాలి, అదీ ప్లీడరీ" అనేవారు ఆయన.

మన దేశపు కేసులు వదిలి అమెరికా కేసులెందుకని ఒకసారి అడిగాను. "మన కేసు చెబితే వాది మీకు మేనమామ, ప్రతివాది శెట్టిగారికి బాకీదారు అవుతాడండీ. వినేలోపే కర్రలు లేస్తాయి. పల్నాటి వాళ్ళం కదా! అమెరికా వాళ్ళు మనకి చుట్టాలు కారు. అందుకని వాళ్ళ ఇంట్లో న్యాయం మన కళ్ళకి బాగా ఆనుద్ది" అన్నారు.

నేనెవరినో కూడా చెప్పాలి. మా ఇంటిని ఇప్పటికీ దివాణం అంటారు. పేరు మిగిలింది, పైన పెంకులు మిగల్లేదు. ఎస్టేటు రద్దయి, పోవలసినవన్నీ పోగా, మాకు మూడు నిలిచాయి: ఒక సింహద్వారం, మాట తప్పని ఇల్లన్న పేరు, మా తాతగారు కట్టించిన బడి. జ్ఞానరత్నం గారు మా ఊరివారే. ఊరి బయటి మాలపల్లెలో పుట్టారు. మిషను బడిలో చేరి, మద్రాసులో లా చదివి, నరసరావుపేటలో ప్లీడరుగా స్థిరపడ్డారు. ఎస్టేటు కాగితాల పని మీద నేను మొదటిసారి ఆయన ఇంటికి వెళ్ళినది ఒక ఆదివారం. కుర్చీలో వెనక్కి చేరబడి కూర్చోవడం మా ఇంట అలవాటు లేదు. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "అబ్బాయిగారు ధ్వజస్తంభం మాదిరి కూర్చున్నారు. జడ్జీగా పనికొస్తారు. ఉండండి, కేసొకటి ఉంది" అన్నారు. కాగితాల మాట ఆ రోజు ఎత్తనే లేదు. నేనూ ఎత్తలేదు.

ఆ రోజు కేసు చాలా పాతది. ఒకడికి మేజిస్ట్రేటు ఉద్యోగం ఇచ్చారు, కాగితం మీద సంతకం కూడా అయింది. ఇంతలో ప్రభుత్వం మారి, కొత్తవాళ్ళు ఆ కాగితం ఇవ్వకుండా బిగబట్టారు. అతను పెద్ద కోర్టుకు వెళ్ళాడు. కోర్టువారు, ఉద్యోగం నీకు న్యాయంగా రావలసిందే, కాని దాన్ని ఇప్పించే అధికారం మాకు కట్టబెట్టిన చట్టమే రాజ్యాంగానికి విరుద్ధం కనుక ఆ చట్టం చెల్లదు, అందుచేత నీకు ఉద్యోగమూ రాదు అన్నారు. శేషయ్య శెట్టి గారు తల పట్టుకుని, "ఇంతకీ ఆడికి ఉద్యోగం వచ్చిందా, రాలేదా?" అని అడిగారు. "రాలేదండీ." "మరి ఏంది వచ్చింది?" "చట్టసభ చేసిన చట్టాన్ని కొట్టేసే అధికారం కోర్టుకి వచ్చింది." శెట్టిగారు "అచ్చం మన కోర్టే! పోయినోడిది పోయింది, కోర్టుది కోర్టుకి మిగిలింది" అన్నారు. జ్ఞానరత్నం గారు నవ్వి నవ్వి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆ నవ్వు వీధి చివరి వరకు వినపడేది. ఆ నవ్వు కోసమే నేను మరుసటి ఆదివారం మళ్ళీ వెళ్ళాను. ఆ తరువాత పన్నెండేళ్ళకు పైగా వెళుతూనే ఉన్నాను.

జైలు ఖైదీ ఒకడు పెన్సిలుతో రాసుకున్న అర్జీ మీద అమెరికా పెద్ద కోర్టు విచారణ జరిపి, పేదవాడికి ప్రభుత్వమే ప్లీడరును ఇవ్వాలని చెప్పిన కేసు ఈ మధ్య కాలానిది. మళ్ళీ విచారణ జరిగితే, ప్లీడరు సాయంతో అతను నిర్దోషిగా తేలాడు. ఆ కట్ట వచ్చిన వారం జ్ఞానరత్నం గారు బజారులో డజను పెన్సిళ్ళు కొని, సబ్‌జైలుకు వెళ్ళి ఒక్కొక్క ఖైదీకి ఒక్కొక్కటి ఇచ్చారు. "ఏందండీ ఇది, కత్తులు తేవద్దంటే పెన్సిళ్ళు తెచ్చారు?" అన్నాడు కాపలావాడు. "కత్తికి ఒకటే మొన, దీనికి చెక్కినప్పుడల్లా కొత్త మొన" అన్నారట. వాళ్ళలో చదువు వచ్చినవాళ్ళు ఇద్దరే. మిగిలినవాళ్ళు గోడల మీద ఎడ్ల బొమ్మలు గీశారు. ఆయన దానికీ సంతోషించారు. చదువు వచ్చిన ఇద్దరిలో ఒకడు నిజంగానే అర్జీ రాశాడు, విడుదలయ్యాడు, నిన్న శవపేటిక మోసిన ఆరుగురిలో వాడొకడు.

ఇక నా జీవితాన్ని తిప్పిన కేసు. తెల్లవాళ్ళకు, నల్లవాళ్ళకు వేరు వేరు బడులు పెట్టడం చెల్లదని అమెరికా పెద్ద కోర్టు ఏకగ్రీవంగా చెప్పిన తీర్పు వెలువడి కొన్ని నెలలై ఉంటుంది. కట్ట వచ్చింది. కవరు మూశారు. కథ చెప్పారు. ఒక చిన్న పిల్ల. ఇంటికి దగ్గరలోనే మంచి బడి ఉంది, అది తెల్లపిల్లల బడి. ఈ పిల్ల రైలు పట్టాలు దాటి, బస్సెక్కి, దూరపు బడికి వెళ్ళాలి. తండ్రి కోర్టుకెక్కాడు. "అబ్బాయిగారు తండ్రి పక్షం" అన్నారు. "నేనే ఎందుకు?" అన్నాను. "మీ ఇంట తరతరాలుగా తలుపు మూసే గడియ మీ చేతిలోనే ఉంది. బయట నిలబడ్డోడి మాట మీరే చెప్పాలి" అన్నారు.

ఓడిపోవడం మా వంశంలో చాలా జరిగింది గాని, చేతగాక ఓడడం ఎన్నడూ లేదు. నేను గట్టిగా వాదించాను. "పక్కనున్న బడి దాటించి దూరపు బడికి పంపితే, ఆ పిల్ల ఏ పుస్తకం విప్పకముందే ఒక పాఠం నేర్చుకుంటుంది: నీకిక్కడ చోటు లేదని. ఆ పాఠం వంటబట్టిన పిల్లకు తక్కిన పాఠాలు ఎక్కడ ఎక్కుతాయి?" అన్నాను. జడ్జీలు ఐదుగురూ నా వైపే చెప్పారు. కవరు విప్పితే, అమెరికా జడ్జీలు కూడా ఇంచుమించు అదే అర్థం వచ్చేట్టు రాశారు. జ్ఞానరత్నం గారు లేచి నా భుజం తట్టి, "ఇవాళ అమెరికాలో బడి తలుపు తీయించారు" అన్నారు.

మరునాడు ఉదయం మా బడి ముందు నుంచి వెళుతున్నాను. లోపల ఊరి పిల్లలు. బయట అరుగు మీద, కిటికీ ఊచల పక్కన, మాలపల్లె పిల్లలు ఎనిమిదిమంది. చిన్నప్పటి నుంచి రోజూ చూసే దృశ్యమే. ఆ రోజు నా కాళ్ళు సాగలేదు. నిన్న నేను అమెరికాలో తీయించిన తలుపు ఇక్కడ మూసే ఉంది. పదిమందిలో అన్న మాటను వెనక్కి తీసుకునే ఇల్లు కాదు మాది. నేరుగా నరసరావుపేట వెళ్ళి, "వేసవి సెలవుల తరువాత పిల్లలందరినీ లోపలే కూర్చోబెడతాను" అని చెప్పాను. ఆయన చేతులు జోడించారు. ఆ వెంటనే ఆయన కళ్ళలో అల్లరి మెరిసింది. "వేసవి తరువాతా? అబ్బాయిగారూ, అమెరికా కోర్టు వాళ్ళు కూడా ఇప్పుడు ఇదే చర్చలో ఉన్నారు, ఎంత తొందరగా అమలు చెయ్యాలా అని. వాళ్ళు నిదానమూ కావాలి, వేగమూ కావాలి అంటారేమో చూడండి. బండికి ముందు రెండెడ్లు, వెనక రెండెడ్లు కట్టినట్టుంటది" అన్నారు. తరువాత అచ్చం అలాంటి మాటలతోనే రెండో తీర్పు వచ్చింది. నేను వేసవి దాకా ఆగలేదు. వచ్చే సోమవారమే అన్నాను.

ఆ మాట ఊళ్ళో పడగానే మా చిన్నాన్న వెంకటప్పయ్య గారు కర్ర తాటిస్తూ మా వాకిట్లోకి వచ్చారు. దావా లేని పూట ఆయనకు అన్నం సయించదు. కోర్టు గుమస్తాలందరినీ ఆయన వరసలు పెట్టి పిలిచేవారు. "ఏందిరా అబ్బాయ్, తాత దానపత్రం చదివావా? బడి స్థలం ఏమని ఇచ్చాడు? పల్లె పిల్లలు అరుగు మీద కూకొని చదువుకోవాలని రాశాడా లేదా? ఆ షరతు తప్పితే స్థలం నా వాటాకి తిరిగొస్తది. తాళం ఏస్తా, చూసుకో!" అన్నారు. తాళం పడితే లోపలివారికీ చదువు లేదు, బయటివారికీ లేదు. నాలుగు మైళ్ళలో మరో బడి లేదు.

చిన్నాన్న అక్కడితో ఆగలేదు. నా మీద నా గురువునే దించుతానని సరాసరి జ్ఞానరత్నం గారి దగ్గరికి వెళ్ళారు. గడపలోంచే, "ఏం రత్నం, నా దావా పట్టుకుంటావా?" అన్నారట. జ్ఞానరత్నం గారు దానపత్రం మూడుసార్లు చదివి, "చినబాబుగారూ, ఇది కోర్టులో నిలవదు. మన రాజ్యాంగమే దీనికి అడ్డం. నిలవని దావా నేను కోర్టులో వెయ్యను. మీరు ఇంకోళ్ళని పెట్టుకుంటే పదేళ్ళు నడుస్తది. నా వరండాలో అయితే ఒక్క ఆదివారం" అన్నారు. చిన్నాన్న కర్ర గడ్డం కింద పెట్టుకుని ఆలోచించి, "సరే. ఐదుగురు చెప్పిందే తీర్పు, ఇద్దరం కట్టుబడాల. కానీ నా తరఫున నువ్వే మాట్టాడాల. ఇంకోడయితే నే రాను" అన్నారు. "మా వరండా నియమం ప్రకారం నా వంతు అదేనండీ" అన్నారు ఆయన.

ఆ సాయంత్రం ఇంట్లో జరిగిన మాటలు శాంతమ్మ గారు చాలా ఏళ్ళ తరువాత నాకు చెప్పారు.

"అబ్బాయిగారు ఓడిపోతే ఆ పిల్లల గతేంది?" అని ఆమె అడిగారు.

"కోర్టుకి పోతే ఎప్పటికో గెలుస్తాం. అప్పటికి ఈ పిల్లలకి పెళ్ళిళ్ళయిపోతాయి."

"అయితే కాస్త మెత్తగా వాదించండి. ఆయనకి తెలుస్తదా ఏంది?"

"తెలవకేం! కోర్టుల్లో ముదిరిన మనిషి. నేను మెత్తగా వాదిస్తే కనిపెట్టి, ఓడినా ఒప్పుకోడు. నేను నిజంగా వాదిస్తేనే ఆయన నిజంగా వింటాడే."

ఆ ఆదివారం వరండా చాలక జనం వీధిలో నిలబడ్డారు. మా ఊరి నుంచి రెండు బళ్ళ మీద వచ్చారు. మాలపల్లె పెద్దలు వీధి అవతల చెట్టు నీడన నిలబడితే, శాంతమ్మ గారు వెళ్ళి చెయ్యి పట్టుకుని తెచ్చి బెంచీల మీద కూర్చోబెట్టారు. జ్ఞానరత్నం గారు నల్లకోటు వేసుకుని వచ్చారు. ఆదివారం ఆయన కోటు వేయడం అదొక్కసారే చూశాను. పిల్లల తరఫున చెప్పవలసినవాణ్ణి నేను; దావాలో కక్షిదారుణ్ణి కనుక ఎదురుపక్షం నియమం నాకు వర్తించలేదు.

ఆయన వాదన ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. తాతగారి దానగుణం చెప్పారు. ఇచ్చినవాడి మాటను పుచ్చుకున్నవాడు మన్నించకపోతే రేపు బడికి, సత్రానికి స్థలం ఇచ్చేవాడెవడన్నారు. తెల్లవాళ్ళకు, నల్లవాళ్ళకు రైలుపెట్టెలు వేరైనా సమానంగా ఉంటే చాలునన్న అమెరికా పాత తీర్పు తీసి చదివారు. "ఈ తీర్పుని ఆ కోర్టే మొన్న కొట్టేసింది, ఆ సంగతి దాచను. కానీ యాభై ఎనిమిదేళ్ళు అంత పెద్ద దేశం దీని మీదనే నడిచింది" అన్నారు. ఆ తరువాత కోటు బొత్తాలు విప్పి, తన ఛాతీ మీద చెయ్యి వేసుకున్నారు. "అయ్యా, అరుగు మీద కూర్చుంటే చదువు రాదంటారు. ఆ అరుగు మీదే, ఆ కిటికీ ఊచలు పట్టుకునే నేను అక్షరాలు నేర్చుకున్నాను. ఇవాళ మీ ముందు ప్లీడరుగా నిలబడ్డాను. దివాణం వారి అరుగు వల్ల ఎవరికి నష్టం జరిగిందో చెప్పండి."

నాకు ఆ సంగతి తెలియదు. పన్నెండు తరాల పేర్లు అప్పజెప్పగల నాకు, మా అరుగు మీద ఎవరు కూర్చున్నారో తెలియదు. ఓడిపోయానని నిశ్చయమయిపోయింది. చిన్నాన్న కర్ర మీద చేతులు పెట్టుకుని కళ్ళార్పకుండా ఆయననే చూస్తున్నారు.

అప్పుడు జ్ఞానరత్నం గారు కూర్చోకుండా, ఒక కాగితం నా చేతికిచ్చారు. "నా పక్షానికి నష్టమే. అయినా ప్లీడరన్నవాడు కోర్టు ముందు దాచకూడదు. రైలుపెట్టెల తీర్పులో ఒక్క జడ్జీ మాత్రం మిగతావాళ్ళతో విభేదించాడు. ఆయన బానిసల్ని ఏలిన ఇంట్లో పుట్టాడు. చదువుకోండి" అన్నారు. చదివాను. రాజ్యాంగానికి మనుషుల రంగు కనపడదని, చట్టం ముందు పౌరులంతా సమానులని ఆ ఒక్కడు రాశాడు. ఏలినవారి ఇంట పుట్టినవాడు ఒంటరిగా రాసిన మాట. కాగితం పట్టుకునే లేచాను.

"ప్లీడరు గారూ, ఆ రోజుల్లో మీతో పాటు అరుగు మీద ఎందరు కూర్చున్నారు?"

"పదకొండుమంది."

"వాళ్ళిప్పుడు ఎక్కడున్నారు?"

"ఇద్దరు పోయారు. తొమ్మిదిమంది మీ పొలాల్లో ఉన్నారు."

"వాళ్ళకు చదువు ఎందుకు రాలేదు?"

"వాన పడితే మేము ఇంటికి పోయేవాళ్ళమండీ. లోపలోళ్ళకి బడి ఉండేది." ఒకింత నవ్వి, "నేను మాత్రం చూరు కింద తడుస్తూ నిలబడేవాణ్ణి. మొండివాణ్ణి" అన్నారు.

నేను కూర్చున్నాను. జడ్జీలు లోపలి గదిలోకి వెళ్ళి చాలాసేపటికి వచ్చారు. ముగ్గురు చిన్నాన్న పక్షం, ఇద్దరు నా పక్షం. అరుగు సంగతి బాధగానే ఉందిగాని, చనిపోయిన దాత మాట కొట్టేయడం తమ వల్ల కాలేదని శేషయ్య శెట్టి గారు కళ్ళొత్తుకుంటూ చెప్పారు. జ్ఞానరత్నం గారు గెలిచారు. గెలిచి, బెంచీల మీద కూర్చున్న తన పల్లె పెద్దల ముఖాల వంక చూడలేక, బల్ల మీది కాగితాలు సర్దుతూ ఉండిపోయారు.

చిన్నాన్న లేచారు. నేను నేల చూస్తున్నాను.

"ఒరేయ్ అబ్బాయ్, గెలిచిందెవరు?"

"మీరే, చిన్నాన్నా."

"తాత పత్రం చెల్లుద్దని తేలిందా?"

"తేలింది."

"షరతు తప్పుతానని నువ్వే పదిమందిలో అన్నావు. అంటే స్థలం నాది. అవునా?"

"అవును."

"అయితే నా స్థలం, నా ఇష్టం. రేపట్నించి అందరూ లోపలే కూకుంటారు. అరుగు మీద ఎవడన్నా కూకున్నాడో, కాళ్ళిరగ్గొడతా! ఇది తాత మాట కాదు, నా మాట. రాసుకోండి!"

ఎవరికీ ఒక్క క్షణం అర్థం కాలేదు. ముందు శాంతమ్మ గారికి అర్థమయింది, లోపల్నుంచి ఆమె నవ్వు వినపడింది. చిన్నాన్న జ్ఞానరత్నం గారి ముందుకు వెళ్ళి నిలబడ్డారు. "నలభై ఏళ్ళుగా దావాలు నడుపుతున్నా. నా తరఫున ఇంత నిజాయితీగా ఎవడూ మాట్టాడలా. వానలో నిలబడ్డ పిలగాడివి, నువ్వు నా కోసం గెలిచావు. గెలిపించినోడి జాతిని అరుగు మీద కూకోబెడితే నేను మనిషినేనా, ప్లీడరు గారూ?" అన్నారు. చిన్నాన్న నోట 'గారు' అన్న మాట ఆయనకు మొదటిసారి అప్పుడే దక్కింది. జ్ఞానరత్నం గారు ఆ వీధి చివరి వరకు వినపడే నవ్వు నవ్వారు. కన్నీళ్ళు కారుతుంటే నవ్వారు. బెంచీల మీది పెద్దలు నవ్వారు, శెట్టిగారు నవ్వారు. నేనూ నవ్వాను. మా ఇంట మగవాళ్ళు వీధిలో నవ్వరు. ఆ రోజు నవ్వాను.

మరునాడు ఎనిమిదిమందీ లోపల కూర్చున్నారు. ఊరి పిల్లల్ని కొందరు కొన్నాళ్ళు మాన్పించారు. చిన్నాన్న రోజూ పొద్దున్నే కర్రతో బడి వాకిట కూర్చుని, దారిన పోయే ప్రతి తండ్రినీ, తల్లినీ "ఏరా, నీ కొడుకేడి? కూతురేదే, నాగమ్మా?" అని నిలదీసేవారు. ఆయనతో పేచీ కంటే చదువే నయమని, తొలకరి నాటికి అందరూ తిరిగి వచ్చారు. ఆ ఎనిమిదిమందిలో ఒకామె ఇవాళ సత్తెనపల్లిలో పంతులమ్మ. ఇంకొకరు గుంటూరులో కంపౌండరు.

జ్ఞానరత్నం గారు ఇంత జరిగినా ఆ సంగతి ఎన్నడూ తన గొప్పగా చెప్పుకోలేదు. ఎవరైనా ఎత్తితే, "నేను ఓడించడానికే కదండీ వాదించింది" అనేవారు. న్యాయం తన వైపు ఉందని ఎరిగి కూడా, అవతలివాడి మాటకు తన గొంతును పూర్తిగా అరువిచ్చిన మనిషి. తన గాయాన్ని అవతలివాడికి సాక్ష్యంగా ఇచ్చిన మనిషి. అటువంటి ధైర్యం నేను పుట్టిన ఇంట్లో చూడలేదు, తరువాత కోర్టుల్లోనూ చూడలేదు. ఆ వరండా ఇవాళ అక్కడే ఉంది. అమెరికా నుంచి కట్టలు ఇంకా కొన్నాళ్ళు వస్తాయి కాబోలు. మమ్మల్ని మాకే ఎదురు నిలిపి, మా మీద మమ్మల్నే గెలిపించే మనిషి ఇక రాడు.

సోమవారం నాటి భూస్థాపనకు చిన్నాన్న నాతో బస్సులో వచ్చారు. డెబ్బై ఏళ్ళు దాటిన మనిషి, దారి పొడుగునా కర్ర రెండు చేతులా పట్టుకుని కూర్చున్నారు. సమాధుల తోటలో గుంటూరు నుంచి వచ్చిన పాస్టరు గారొకరు ఆయన తలపాగా చూసి, "మీరు వారికి ఏమవుతారండీ?" అని మర్యాదగా అడిగారు. చిన్నాన్న తలపాగా తీసి చేతిలో పట్టుకున్నారు.

"క్లయింటుని. నా దావా గెలిపించాడు."

"ఏం దావా అండీ?"

చిన్నాన్న చెప్పడం మొదలుపెట్టారు. ఒక్కొక్కరే దగ్గరికి చేరారు. తన ప్లీడరు చేసిన వాదన ఒక్క ముక్క పొల్లుపోకుండా చెప్పారు, కోటు బొత్తాలు విప్పడం కూడా చెయ్యి తిప్పి చూపించారు. ఎదురుపక్షం తరఫున నేను చేసిన వాదన మాత్రం పూర్తిగా మరచిపోయారు. "ఎదుటోడికి నోరే లేవలా!" అన్నారు. అందరూ నా వైపు చూశారు. నేను దిద్దలేదు. ఆ మహానుభావుడికి మా ఇంటివాడు పెట్టగలిగిన నమస్కారం అదే.